‘ఏటి’కీ ‘ఏమిటి’కీ మధ్య ఐదు రోజులు

నవంబరు 28, శుక్రవారం: విజయనగరం

చిన్న తరగతుల పిల్లలకి తెలుగు చదవడం నేర్పడం మీద రేపటి నుంచి ఇక్కడ సదస్సు. దానికోసమే ఇద్దరం టీచర్లం వచ్చాం. ఈ ఊళ్ళో గురజాడ పేరు ఒక్కచోటే ఉండదు. ఆడిటోరియానికి ఆయన పేరే, యూనివర్సిటీకి ఆయన పేరే, ఇక విగ్రహాల సంగతి సరేసరి. ఆర్టీసీ కాంప్లెక్సు బయట షేర్ ఆటో ఎక్కి "గురజాడ దగ్గర దింపండి" అంటే ఎక్కడైనా దింపేస్తారు. తప్పు వాళ్ళది కాదు. "గురజాడ ఇల్లు" అని నొక్కి చెప్పాలి. ఆ ఒక్క మాట మరిచిపోతే మనిషికి 20 రూపాయల చొప్పున రెండుసార్లు కట్టాలి. కట్టాం.

మూడు లాంతర్ల దగ్గర పూలమ్మే ఆవిడని అడిగితే నవ్వింది. "ఏటమ్మా, దాటీసినారు. కోటేపు బేగి ఎల్లండి, సీకటడితే తలుపులేసీగల్రు" అంది. అని ఊరుకోలేదు. బుట్ట పక్కావిడకి అప్పజెప్పి, సందు మొదటిదాకా వచ్చి చూపించి వెళ్ళింది. విజయనగరంలో దారి చెప్పడమంటే ఇదే పద్ధతి. వేలు చూపించి ఊరుకునేవాళ్ళు తక్కువ, పదడుగులు వెంట వచ్చేవాళ్ళు ఎక్కువ. మనిషి ఎవరైనా సరే ‘అమ్మా’, ‘బాబూ’ అనకుండా మాట మొదలవదు.

ఆవిడ చెప్పిన రెండు వాక్యాల్లో ఒకటో తరగతి పుస్తకంలో కనిపించని రూపాలు అరడజను ఉన్నాయి: ఏటి, దాటీసినారు, ఏపు, బేగి, సీకటి, ఏసీగల్రు. ఈ మాటలతో బడికొచ్చిన పిల్లకి అక్షరం ఎలా అందించాలన్నదే ఈ సదస్సు తేల్చాల్సిన సంగతి.

గురజాడ ఇల్లు స్మారకంగా ఉంది. పెద్ద మేడని ఊహించుకుని వెళ్తే నిరాశే. ఆయన వాడిన వస్తువులు, ఫొటోలు చూసి బయటికొచ్చి ఆ వీధిలో కాసేపు నిలబడితేనే అసలు లాభం. 1892లో ఈ ఊళ్ళోనే మొదట ఆడి, 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ పాత్రలు ఇలాంటి వీధుల్లో వినిపించిన తెలుగే మాట్లాడాయి. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రంలో ఆయన వాదన కూడా దీని గురించే. జనం నోట్లో బతికున్న భాషని పక్కనపెట్టి పాతకాలపు గ్రాంథికంలో పిల్లల చేత రాయించడం చదువుకి అడ్డం అన్నారు.

సాయంత్రానికి గంటస్తంభం దగ్గర మురీ మిక్చర్. మరమరాలని ఇక్కడ మురీలంటారు. ఉల్లిపాయ, టమాటా, వేరుశనగ గుళ్ళు, కారం, నిమ్మరసం గిన్నెలో వేసి గరిటెతో టకటకమని కలిపి కాగితం పొట్లంలో పోస్తారు. పొట్లం 25 రూపాయలు. రెండు నిమిషాల్లో తినెయ్యాలి, లేకపోతే మురీ మెత్తబడి ముద్దయిపోతుంది.

నవంబరు 29, శనివారం: చింతపిక్కల పూట

సదస్సు ఒక బడి ఆవరణలో జరిగింది. రుసుము 300, అందులోనే రెండు పూటల భోజనం. బ్యానరు, జ్యోతి, శాలువాలు ముప్పావుగంట తిన్నాయి. ఆ ముప్పావుగంటని క్షమించెయ్యొచ్చు, ఎందుకంటే తర్వాత మైకు పక్కనపెట్టి అందరినీ నేలమీద కూకోబెట్టారు. ఈ ‘కూకో’ కూడా ఇక్కడి మాటే.

ఒక్కొక్కరికి ఎనిమిది చింతపిక్కలు, ఒక సుద్దముక్క. నేలమీద వరసగా నాలుగు గళ్ళు గీసుకోవాలి. పాలకొండ వైపు నుంచి వచ్చిన మేడమ్ పెట్టిన నియమం ఒక్కటే: గంట దాకా అక్షరం రాయకూడదు. ఆవిడ ‘పడవ’ అంటే ప, డ, వ అని నెమ్మదిగా పలుకుతూ గడికో పిక్క జరపాలి. తర్వాత మొదటి పిక్క తీసేసి మిగిలింది చెప్పాలి: డవ. చివరిది తీసేస్తే పడ. మొదటి పిక్క మార్చి ‘గ’ అనుకుంటే గడవ. చూడ్డానికి ఆట. కాని చెవికి ముక్కలు వినిపించని పిల్లకి పలకమీద రాసిన అక్షరం వట్టి బొమ్మే. ఆరు నెలలు దిద్దించినా ‘పలక’లో రెండోది ఏమిటంటే దిక్కులు చూసే పిల్లల కథ ఇక్కడ తేలిపోతుంది. వాళ్ళకి లోటు కంట్లో లేదు, చెవిలో ఉంది.

ఎక్కడ చెడుతుందో కూడా చూపించారు. ‘అట్టు’ అంటే పిల్లలు రెండు పిక్కలే జరుపుతారు, అది సరైనదే. కాని ‘అటు’కీ రెండే. ఈ రెంటికీ తేడా చెవికి పట్టకపోతే రేపు రాతలో వత్తు ఎగిరిపోతుంది. అందుకని ద్విత్వం వచ్చిన చోట పిక్కని వెంటనే జరపకుండా వేలితో నొక్కి పట్టుకోవాలి: అట్... టు. నొక్కుడుంటే వత్తు. గుడి–గుడ్డి, అటు–అట్టు, పుల–పుల్ల ఇలా జంటగా పది రోజులు ఆడిస్తే వత్తు పేరు చెప్పకుండానే దాని పని తెలుస్తుంది. ‘పుల’ అర్థంలేని మాట కదా అని ఎవరో అడిగారు. కావాలనే పెట్టారట. అర్థంతో ఊహించి గట్టెక్కే పిల్లలు అక్కడ దొరికిపోతారు. హ్రస్వదీర్ఘాలకీ ఇదే పద్ధతి. మెడ–మేడ అనేటప్పుడు దీర్ఘం ఉన్న పిక్కని గడి ఈ కొస నుంచి ఆ కొసదాకా లాగాలి.

పిక్కలకి ఖర్చు లేదు. ఒక్క జాగ్రత్త ఉంది. అంగన్‌వాడీ వయసు పిల్లలు ముక్కులో పెట్టుకుంటారు, వాళ్ళకి సీసా మూతలు మేలు.

టీ తర్వాత గుణింతం. క కా కి కీ అని ఒకే అక్షరాన్ని అన్ని రూపాల్లోనూ బట్టీ పట్టించడం మనందరం చదువుకున్న తీరు. దీని దోషం లెక్కలోనే ఉంది: వారమంతా కష్టపడి ‘క’ గుణింతం పూర్తిచేసినా దానితో చదవగలిగే మాటలు కాకి, కాక, కోక, కూకూ లాంటి నాలుగు. అదే ఒక్క దీర్ఘాన్నే తీసుకుని వచ్చిన ఆరేడు అక్షరాలకీ తగిలిస్తే అదే రోజు తాత, పాట, మాట, బాట, పాలక దాకా చదివేస్తారు. గుర్తు ఒక్కటి, అక్షరాలు అనేకం. వారానికి ఒక గుర్తు, శుక్రవారం కలిపి చదివే పూట.

కాని తెలుగు లిపి అంత సాఫీ కాదు. కొమ్ము దగ్గర ఆగాలి. కు, గు, తు అన్నిటికీ కొమ్ము కుడిపక్కన వస్తుంది. ‘వ’కి అలాగే పక్కన తగిలిస్తే ‘మ’ అయిపోతుంది, అందుకే ‘వు’లో కొమ్ము కిందనుంచి తిరుగుతుంది. ఈ కారణం చెప్పకుండా "దీనికి ఇంతే" అంటే పిల్ల మూడో తరగతిలో కూడా ‘ఆవు’ని ‘ఆమ’ అని రాస్తుంది. మ, య, ఘ, ఝల ఒత్వం, ఓత్వం కూడా మిగతావాటిలా ఉండవు. కొ, గొ నేర్పిన వారంలో మొ, యొ పెట్టకూడదు. అలాగే న–స, మ–య, ప–వ జంటలు ఒకే వారంలో పరిచయం చేయకూడదు. ఒకటి బాగా కుదురుకున్నాక, కనీసం రెండు వారాలు ఆగి రెండోది. పాత వాచకాల అక్షరమాల క్రమం ఈ ఇబ్బంది చూడదు. ప, ఫ, బ, భ, మ, య అని వరసగా కుమ్మరించేస్తుంది.

మధ్యాహ్నం భోజనంలో నువ్వుపిండి వేసిన వంకాయ కూర, ఆవపెట్టిన అరటికాయ, చారు, పెరుగు. కొసరి వడ్డించే మర్యాద ఉంది. "చాలు" అన్నాక రెండోసారి వడ్డిస్తారు, చెయ్యి అడ్డం పెట్టాక గాని ఆగరు. ఏజెన్సీ నుంచి వచ్చిన మేస్టార్లు తెచ్చిన సీతాఫలాలు తలా ఒకటి. గాజు గ్లాసులో చోడి అంబలి కూడా ఇచ్చారు. మా గుంటూరు వైపు రాగి జావంటే ఇక్కడ ఆ మాటకి ఎవరూ తలెత్తలేదు. చోళ్ళు అంటేనే అందరికీ ఆనింది. సజ్జల్ని గంటెలంటారు. పుస్తకంలో ‘రాగులు’ అని బొమ్మ వేసి ఉంటే ఇక్కడి పిల్ల ఆ బొమ్మని చూసి ‘చోళ్ళు’ అని చదువుతుంది. అది తప్పు చదవడమా?

ఈ ప్రశ్న మీదే సాయంత్రం సభ వాయిదా పడింది. తేలలేదు.

నవంబరు 30, ఆదివారం: తప్పు గీత ఎప్పుడు పెట్టాలి

గురజాడ 1915లో పోయింది ఈ తారీఖునే. పొద్దున్న విగ్రహానికి దండ వేసి సదస్సులోకి వచ్చారు. మార్గశిరం చలి అప్పుడే తెలుస్తోంది. టిఫిన్ల బండి దగ్గర వేడి ఇడ్లీలోకి అల్లం చట్నీ, పల్లీ చట్నీ రెండూ వేస్తారు, నాలుగిడ్లీ 40.

మొదటి గంట నిమిషం చదువు మీద. చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం 2021 జూలైలో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి 60కి తగ్గకుండా, అర్థం చేసుకుంటూ చదవాలని ఉంది. లక్ష్యం గోడమీద రాసుకోవడం తేలిక, కొలవడం దగ్గరే తేడాలొస్తాయి. చేసి చూపించిన పద్ధతి ఇది. పాఠ్యపుస్తకంలో లేని 60 పదాల పేరా, పెద్ద అక్షరాల్లో. పిల్ల చేతిలో ఒక ప్రతి, టీచరు ఒళ్ళో ఒక ప్రతి. తప్పు చదివిన మాటమీద అడ్డగీత. పిల్ల తనంతట తాను దిద్దుకుంటే ‘స్వ’ అని రాసి ఒప్పుగానే లెక్క. ఒక మాట దగ్గర ఆగిపోతే మూడు సెకన్లు చూసి మాట అందించి తప్పు వెయ్యాలి. నిమిషం అవగానే చదివిన చోట గుర్తు పెట్టుకుని, పిల్లని మాత్రం చివరిదాకా చదవనివ్వాలి. మధ్యలో ఆపేస్తే మర్నాటి నుంచి గడియారంతో పందెం మొదలుపెడతారు, అర్థం గాలికి పోతుంది. పూర్తయ్యాక నాలుగు ప్రశ్నలు: పేరాలో కనిపించేవి రెండు, ‘ఎందుకు’ అనేది ఒకటి, పిల్ల సొంత ఆలోచన ఒకటి.

అరవైలో మూడు తప్పులంటే నూటికి 95 ఒప్పు. ఆ పుస్తకం ఆ పిల్ల ఒంటరిగా చదువుకోగలదు. ఆరు తప్పులైతే 90, అది టీచరు పక్కన కూర్చుని చదివించాల్సిన పుస్తకం. ఆరు దాటితే పుస్తకం మార్చాలి. పిల్లని ఇంకా గట్టిగా చదవమని అదిలించడం మార్గం కాదు. ఈ మూడు మెట్లు తెలిస్తే తరగతి గది అలమరలో ఏ పుస్తకం ఎవరికివ్వాలో ఊహించుకోనక్కర్లేదు.

ఇక్కడ వెనక వరసలోంచి ఒక పెద్ద మేస్టారు లేచారు. పదాల లెక్క తెలుగుకి అన్యాయం చేస్తుందని ఆయన వాదన. ‘చదువుకుంటున్నారు’ అన్నది ఒక పదమే, అక్షరాలు ఏడు. ‘ఆవు వచ్చి గడ్డి మేసి పోయింది’ అయిదు పదాలు. రెండు పేరాలు అరవై పదాలే అయినా అక్షరాలు రెట్టింపు ఉండొచ్చు. ఆయన సూచన మంచిది: పేరా మొదట్లో పదాల సంఖ్యతోపాటు మొత్తం అక్షరాల సంఖ్య కూడా రాసుకోవాలి. జూన్ పేరా, నవంబరు పేరా దగ్గరదగ్గర బరువుంటేనే పిల్ల ముందుకెళ్ళిందో లేదో తెలుస్తుంది. ఈ పని మనవాళ్ళు చాలామంది చేయరు. చేయకుండానే "తగ్గిపోయాడు" అని తీర్పిస్తారు.

తర్వాత నిన్నటి తగువు. పేరాలో ‘కళ్ళు’ అని ఉంది. పిల్ల ‘కల్లు’ అని చదివింది. గీత పెట్టాలా? హాలు రెండుగా చీలింది. పెట్టాలన్నవాళ్ళు, కల్లంటే తాటిచెట్టుమీద ఉండేది కదా అని నవ్వించారు. వద్దన్నవాళ్ళలో ఎక్కువమంది ఈ జిల్లాలవాళ్ళే. వాళ్ళింట్లో ‘ళ’ లేదు, ‘శ’ లేదు, ‘ణ’ చాలా చోట్ల ‘న’. చదివింది ఆ పిల్లకి తెలిసిన మాటనే, తన ఇంటి ఉచ్చారణతో. చివరికి నడిపించే మేడమ్ ఇచ్చిన తీర్పు పనికొచ్చేది. ప్రశ్న అడుగు. "ఆ అమ్మాయి కల్లు ఎలా ఉన్నాయి?" అంటే పిల్ల తన కళ్ళు చూపిస్తే అది చదవడమే. గీత పెట్టొద్దు, పక్కన చిన్న చుక్క పెట్టుకో. చుక్కలు రాత నేర్పేటప్పుడు అక్కరకొస్తాయి. చోళ్ళ బొమ్మకి మాత్రం వేరే తీర్పు. అక్కడ పిల్ల అక్షరాల్ని చూడలేదు, బొమ్మని చదివింది. అందుకని బొమ్మని మూసి మళ్ళీ చదివించాలి.

ఇదే తగువు వందేళ్ళకి పైగా పాతది. 1907 ప్రాంతంలో ఈ ఉత్తర సర్కారు బడులు తనిఖీ చేసే యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడేదొకటీ పుస్తకంలో ఉన్నదొకటీ ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్న పర్లాకిమిడిలో మేస్టారుగా ఉన్న గిడుగు రామమూర్తిని పట్టుకుంది, తర్వాత ఆయన వదల్లేదు. ఆయనతో గురజాడ కలిశారు. వాళ్ళు గెలిచింది వాక్యాన్ని. ఒకటో తరగతి గదిలో ‘ఏటి’ పలకమీదికి రావాలా వద్దా అన్నది ఇంకా మిగిలే ఉంది.

మధ్యాహ్నం దానికో దారి చూపించారు. పిల్ల చెప్పిన నాలుగు వాక్యాల్ని టీచరు చార్టుమీద పిల్ల చెప్పినట్టే రాస్తుంది. "మా అప్ప బేగి ఎల్లిపోనాది" అంటే అదే రాస్తుంది, అక్క అని మార్చదు. వేలు పెట్టి రెండు రోజులు చదివిస్తుంది. తన నోటి మాట కాబట్టి ముందే తెలుసు, అందుకని కన్ను అక్షరం మీద నిలుస్తుంది. మూడోరోజు ఆ వాక్యం కిందే ఇంకో రంగు స్కెచ్చుతో "మా అక్క త్వరగా వెళ్ళిపోయింది". పైది తప్పు అనకూడదు, కొట్టెయ్యకూడదు. "పుస్తకం ఇలా చెబుతుంది" అంటే చాలు. ఏ మాట ఏ మాటైందో పిల్లలే గీతలు కలుపుతారు. చార్టు 10 రూపాయలు, వారానికి ఒకటి సరిపోతుంది. చెడేది ఎక్కడంటే, టీచరు రాసేటప్పుడే చెయ్యి ఊరుకోక దిద్దేస్తుంది. అలా దిద్దిన చార్టుని పిల్ల మొదటిసారి చదివినప్పుడు తన మాట చెబుతుంది, అక్షరం వేరేది ఉంటుంది. నోటికీ కంటికీ అక్కడే తెగిపోతుంది.

సీతంపేట ఏజెన్సీలో పనిచేసే మేస్టారు మాటల్లో ఇది ఇంకా పదునుగా ఉంది. వాళ్ళ పిల్లలది తెలుగు యాసే కాదు, సవర. తెలుగుతో చుట్టరికమే లేని ముండా కుటుంబపు భాష. సవరలో నీటికున్న మాట పలికేటప్పుడు నడిమధ్య గొంతు ఒక్కసారి మూసుకుని తెరుచుకుంటుంది. ఆ శబ్దానికి మన వర్ణమాలలో గడి లేదు. సవర పిల్లలకి మొదటి నెలలు చింతపిక్కలాట సవర మాటలతోనే ఆడిస్తానని, తెలుగు మాటలు పాటలో మాత్రమే వినిపిస్తానని చెప్పారు. చదవడం ఒక్కసారే నేర్చుకుంటారట. ఏ భాషలో నేర్చినా రెండోదానికి ఆ పని మళ్ళీ మొదట్నుంచి చేయనక్కర్లేదు.

ఆఖరున వత్తులు, ఎనిమిది పేజీల పుస్తకం. ‘బల్లి’ని ‘బలిల’ అని చదవడం అందరి తరగతుల్లోనూ ఉన్నదే. కారణం లిపిలోనే ఉంది: గుడి పై అక్షరం మీద ఉంటుంది, పలికేది మాత్రం వత్తు తర్వాత. మందు, రెండు కార్డులు. ఒకదాని మీద ‘బల్’, రెండోదాని మీద ‘లి’. పక్కపక్కన పెట్టి చదివించాక మూడో కార్డుమీద ‘బల్లి’. అమ్మ, అక్క, పిల్లి, పుల్ల లాంటి ద్విత్వాలు బాగా నడిచాకే సంయుక్తాలు. త, న, మ, య, ర, లల వత్తులు తల్లి అక్షరంలా ఉండవు కాబట్టి వాటికి ఒక్కొక్క రోజు. గ, ద, చ లాంటివి తలకట్టు తీసేసిన బుల్లి అక్షరాలే. వాటిని ఒకే పూట చూపించేయొచ్చు.

పుస్తకానికి ఒక ఎ4 కాగితం. నిలువుగా ఒక మడత, అడ్డంగా రెండు మడతలు, విప్పితే ఎనిమిది గళ్ళు. అడ్డంగా సగానికి మడిచి, మడత ఉన్న అంచు నుంచి మధ్య గీత వెంబడి తర్వాతి మడతదాకా మాత్రమే కత్తిరించాలి. విప్పి నిలువుగా మడిచి రెండు కొసలూ లోపలికి తోస్తే పుస్తకమవుతుంది. అంచు తారుమారై తెరిచి ఉన్న వైపు నుంచి కత్తిరిస్తే పుస్తకం విడిపోతుంది. మా బల్లమీద ఆరింటిలో రెండు అలాగే పోయాయి. ఇంకొకటి, మడవకముందు రాస్తే పై వరస పేజీలు తలకిందులొస్తాయి. మడిచాకే నంబర్లు, నంబర్ల తర్వాతే కథ.

డిసెంబరు 1, సోమవారం: శ్రీకాకుళం

ఇద్దరికీ రెండేసి సీయెళ్ళు (క్యాజువల్ సెలవులు) మిగిలాయి, అందుకని ఇంటికి కాకుండా ఇటు. రైల్లో వస్తే దిగేది శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో. అది ఆమదాలవలసలో ఉంది, ఊరు ఇంకో 13 కిలోమీటర్లు. బస్సు మేలు. ఎక్స్‌ప్రెస్‌లో ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి సున్నా టికెట్టు. 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన పథకం ఇది. సూపర్ లగ్జరీ ఎక్కి కార్డు చూపిస్తే కండక్టరు తల అడ్డంగా ఊపుతాడు, చూసి ఎక్కాలి.

కథానిలయం చూడ్డానికి వచ్చాం. బడి మేస్టారుగా బతికిన కథకుడు కాళీపట్నం రామారావు తనకొచ్చిన పురస్కారం డబ్బుతో మొదలుపెట్టిన గ్రంథాలయం. 1997 ఫిబ్రవరి 22న తెరిచారు. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒకచోట చేర్చాలన్నది సంకల్పం. ఆటోవాళ్ళని ‘లైబ్రరీ’ అంటే ఇంకో లైబ్రరీకి తీసుకెళ్తారు. ‘కారా మేస్టారి కథానిలయం’ అనాలి. విజయనగరంలో చేసిన తప్పు ఇక్కడ చేయలేదు.

మేం చూసింది అలమరల్లో పత్రికలూ సంపుటాలూ వరసలుగా పేర్చిన తీరు. ఒక కథ కావాలంటే రచయిత పేరు పట్టుకుని వెళ్ళాలి. తరగతి గదికి పనికొచ్చే సంగతి ఇందులోనే ఉంది. మన బడుల్లో పుస్తకాలు బీరువాలో తాళంతో ఉంటాయి, పిల్లకి దొరకవు. లేదా తాడుకి క్లిప్పులతో వేలాడదీస్తాం, నెలలో చిరిగిపోతాయి. రెండోదే మేలు. పోయిన పుస్తకమంటే ఎవరో ఇంటికి తీసుకెళ్ళినదే. తాడు పిల్ల ఛాతీ ఎత్తులో కట్టాలి, ఫ్యాను కింద కట్టకూడదు, వెన్నుకి పారదర్శక టేపు ముందే వెయ్యాలి. రంగు చుక్కలు అతికించుకోవాలి: నిన్నటి 95, 90 లెక్కతో పచ్చ చుక్క, పసుపు చుక్క. రెండు చాలు. ఎర్ర చుక్క పెడితే అది తనకి రాదనుకుని పిల్ల ఆ వైపే వెళ్ళదు.

మధ్యాహ్నం మెస్సులో భోజనం 100. ముద్దపప్పు, ఆనపకాయ పులుసు, చేపల వేపుడు విడిగా 60. అరసవల్లి ఇక్కడికి దగ్గరే. సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడేది మార్చిలోనూ అక్టోబరులోనూ, కాబట్టి డిసెంబరులో ఆ ఆశ పెట్టుకోకుండా దర్శనం చేసుకుని వచ్చేయొచ్చు. బయట పలాస జీడిపప్పు కొనేటప్పుడు ‘గుళ్ళు’, ‘బద్దలు’ ధరలు వేరువేరుగా అడగాలి. కూరకి బద్దలు చాలు.

డిసెంబరు 2, మంగళవారం: శ్రీముఖలింగం

వంశధార ఒడ్డున గుడి. తూర్పు గాంగుల రాజధాని ఒకప్పుడు ఇక్కడే. గిడుగు పుట్టిన పర్వతాలపేట ఈ చుట్టుపక్కలే, 1863 ఆగస్టు 29న. ఆ రోజే మనం బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. నరసన్నపేటలో బస్సు మారాలి. రెండో బస్సు గంటకి గాని రాదు. ‘ముకలింగం’ అని పిలిస్తేనే ఎక్కించుకుంటారు, పుస్తకంలో ఉన్నట్టు పూర్తిపేరు చెబితే ఒక్క క్షణం ఆగి చూస్తారు.

మధుకేశ్వరాలయం రాళ్ళమీద శాసనాలున్నాయి. వాటిని చదవడం గిడుగుకి ఎవరూ నేర్పలేదు. పాత లిపుల్ని సొంతంగా పట్టుకుని చదివారు. రాతిమీద వేలు పెట్టి చూస్తే మనకి ఒక్క మాటా కూడదు. ‘గ’ లాంటిది ఒకటి, ‘న’ కావచ్చేమో అనిపించేది ఒకటి. తెలిసిన ఒకటీ అరా గుర్తుల మీద ఊహ కట్టి మిగతాది దాటేస్తాం. ఒకటో తరగతి పిల్ల వాచకాన్ని దాటేసేది సరిగ్గా ఇలాగే. శనివారం పిక్కలాటలో ‘పుల’ ఎందుకు పెట్టారో అక్కడ నిలబడ్డప్పుడు అర్థమైంది.

గుడి బయట టీ కొట్టు. టీ 10, బజ్జీలు 20కి నాలుగు. కొట్టావిడ మనవరాలు రెండో తరగతి, ఒంట్లో బాగాలేక బడికెళ్ళలేదట. సదస్సులో మడిచిన ఎనిమిది పేజీల పుస్తకం చేతికిస్తే తిరగేసింది. మూడో పేజీలో "ఏమిటి కావాలి?" అని పిల్లి అడుగుతుంది. ఆ పిల్ల వేలు పెట్టి "ఏటి కావాల?" అని చదివింది.

"అమ్మా, అక్కడ ఏటని రాసుంది?" అంది నాయనమ్మ.

"ఏమిటి అని రాసుంది. నాను ఏటి అన్నాను" అంది పిల్ల, పేజీ తిప్పేస్తూ.

చుక్క కూడా పెట్టలేదు. నాలుగో పేజీలో ‘పిల్లి’ దగ్గర ఆగింది. మూడు సెకన్లు లెక్కపెడుతుండగానే దిద్దుకుని ముందుకెళ్ళింది. ‘స్వ’. నరసన్నపేట బస్సు హారను కొట్టింది. పుస్తకం తిరిగివ్వబోయింది. వద్దని చెప్పి ఎక్కేశాం.